ఢిల్లీ విమానం, శంకరవ్వ పొద్దు

ఉట్నూరు అవతల కొత్త రోడ్డుకు కంకర కొట్టే పదిమంది ఆడవాళ్లలో ఒక్కరి దగ్గరా గడియారం లేదు. మేస్త్రి హనుమండ్లు దగ్గరా లేదు. సాయంత్రం ఢిల్లీ నుంచి హైదరాబాదు పోయే విమానం నెత్తి మీదికి వస్తే పని బంద్. ఎవరు పెట్టారో గానీ రెండేళ్లుగా అదే కాయిదా.

శంకరవ్వకు ఆ విమానంతో సొంత పని ఉంది. ఇంటి దగ్గర ఎనిమిది నెలల కూతురు బాలలక్ష్మి. రాతిపెచ్చు ఎగిరి కంట్లో పడుతుందని పిల్లల్ని పనికాడికి రానివ్వరు. పొద్దున పాలిచ్చి వచ్చిందంటే మళ్లీ సాయంత్రమే. విమానం చప్పుడు వినగానే సుత్తె పారేసి, కొంగు బిగించి, ఇంటిదాకా పరుగులాంటి నడక నడిచేది. పొద్దు గుంకకముందే బిడ్డ రొమ్ము అందుకునేది.

ఆ ఎండాకాలం విమానం ఆలస్యంగా రావడం మొదలైంది. ఒకనాడు కాదు, రోజూ. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటే శంకరవ్వ మాటిమాటికీ ఆకాశం చూసేది. ఇల్లు చేరేసరికి చీకటి. పిల్ల ఏడ్చి ఏడ్చి, అత్త చంద్రవ్వ పట్టిన గంజి తాగి నిద్రపోయి ఉండేది.

"మేస్త్రీ, పొద్దు గుంకుతున్నది. జర చూడు."

"విమానం రాలే గదనే. అది రాంది నేనెట్ల ఇడువాలె?"

హనుమండ్లు చెడ్డవాడేమీ కాడు. కాకపోతే సూర్యుడి కంటే విమానం మీదే అతనికి నమ్మకం.

వారానికోసారి వచ్చే ఓవర్సీరు వాహెద్‌ను పట్టుకుని శంకరవ్వ అడిగేసింది. ఆయన సంబరంగా చెప్పాడు. "కొత్త విమానం పెట్టిండ్రు. దూరం అంతే, ఎనిమిది వందల మైళ్లు. ఇదివరకు ఆరు గంటలు పట్టేది, ఇప్పుడు నాలుగే. జల్ది వస్తదని అక్కడ నిమ్మలంగ బయలెల్లుతున్నరు."

"వాళ్లకు రెండు గంటలు తగ్గితే మాకు గంట పెరుగుడేంది సారూ? నీ చేతికి గడియారమున్నది గద, మేస్త్రికి నువ్వు చెప్పు."

"చెప్తలే," అని నవ్వుతూ జీపెక్కాడు. చెప్పలేదు. శంకరవ్వకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ఆ కోపమంతా ఎదురుగా ఉన్న రాళ్ల మీద చూపించింది.

నెల గడిచింది. మృగశిర మబ్బులు కమ్మిన రోజు విమానం జాడే లేదు. శంకరవ్వ రవిక అప్పటికే పాలతో తడిసింది.

"గది రాకపోతే తెల్లారేదాక కొట్టుమంటవా? నేను పోతున్న," అని సుత్తె విసిరేసి లేచింది. మిగతావాళ్లు మేస్త్రి ముఖం చూశారు, ఎవరూ లేవలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి ఇంకా కాస్త వెలుతురుంది. గడపలో కూర్చుని చంద్రవ్వ పిల్లకు గంజి పడుతోంది.

"విమానం రాకముందే వచ్చినవేందే?"

శంకరవ్వ బిడ్డను లాక్కుని రొమ్మున వేసుకుంది. బాలలక్ష్మి ముఖం తిప్పేసింది. తల్లి మళ్లీ పట్టింది, పిల్ల మళ్లీ తిప్పేసింది. గంజి గిన్నె వైపు చేతులు చాచి గుక్కపట్టి ఏడ్చింది.

"నెలాయె గద బిడ్డా, దానికి గంజే అలవాటైంది," అంది అత్త మెల్లగా.

అప్పుడు మబ్బుల పైనుంచి చప్పుడు వినబడింది. శంకరవ్వ బిడ్డను అత్త చేతిలో పెట్టి వాకిట్లోకి ఉరికింది.

"ఇప్పుడొస్తున్నవా?" అని ఆకాశం మీదికి అరిచింది.