నెస్టర్ పాదాలు

నా మొగుడు నెస్టర్ కెనడాలో, మా సస్కచెవాన్ పల్లెలో పోస్ట్‌మన్. మంచులో రోజుకు ఎనిమిది మైళ్ళు నడిచేవాడు. మాకు తిండి పెట్టింది ఆ రెండు పాదాలే. ఆదివారం వస్తే వాటినే తీసుకెళ్ళి, ఐస్ హాకీలో ఎదుటివాళ్ళు కొట్టే రబ్బరు బిళ్ళకు అడ్డం పెట్టేవాడు. రాయిలా ఉంటుందా బిళ్ళ.

ఒక చలికాలం ఆ బిళ్ళ తగిలి చీలమండ ఎముక చిట్లి మూడు వారాలు మంచం పట్టాడు. ఇంకోసారి ఇలా అయితే వేరేవాణ్ణి పెట్టుకుంటామని పై అధికారి చెప్పి పోయాడు.

ఆట మానమంటే మానే మనిషి కాదు. నేను మూడో తరగతే చదివాను గానీ, నాకు కళ్ళున్నాయి. మంచు మీద జారే ఆ స్కేట్ బూటు ముందు భాగం గట్టిది, పక్కలు పలచన. ఇతనేమో పాదం అడ్డంగా తిప్పేవాడు. పాత పాలక్యాను రేకు కత్తిరించి, లోపల ఉన్నిగుడ్డ కుట్టి, బూట్ల పైన తోలు పట్టీలతో బిగించాను.

"వేళ్ళు కొట్టేవాడి వైపే ఉండాలి. పక్కకు తిప్పావో, ఇవాళ నీకు సూప్ లేదు" అన్నాను.

ఆటలో ఎదుటి జట్టు తారస్ పగలబడి నవ్వాడు. "ఏరా నెస్టర్, మీ ఆవిడ గిన్నెలు కట్టి పంపిందా?"

"నీ పెళ్ళాం నీకు అవి కూడా కట్టలేదు. నోరుమూసుకుని కొట్టరా!" అని కంచె ఇవతల నుంచి నేనే అరిచాను.

ఒళ్ళు మండి కొట్టాడు. బిళ్ళ నెస్టర్ ఎడమ పాదానికి ఖంగుమని తగిలింది. అతను కిందపడ్డాడు. నేను కంచె దాటబోయాను. అంతలోనే లేచి, నావైపు చూసి, ఆటలో ముందు పళ్ళు పోయిన నోటితో బోసిగా నవ్వాడు.

మర్నాడు సంచీ వేసుకుని ఎనిమిది మైళ్ళూ నడిచాడు. ఆ తర్వాత ఇంకో పంతొమ్మిదేళ్ళు నడిచాడు. సాయంత్రం మేజోళ్ళు విప్పగానే ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని వెచ్చబరిచేదాన్ని. ఇప్పుడు చలికాలం వస్తే నా చేతులకు పనే లేదు.