కర్రి తప్పిపోలేదు

పదకొండేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా అన్నవాళ్ళ ముందు నోరు తెరిచిన ప్రతిసారీ ఇంకేదో మాట్లాడి లేచి వచ్చేశాను. మిగతా కాలమంతా పనిలో పడి మరిచిపోయినట్టే ఉంటాను. ఎండలు ముదిరేసరికి మళ్ళీ మొదలు. ఎండలో ఆగి ఉన్న ఏ బండి పక్కనుంచి వెళ్ళినా అద్దంలోకి తొంగి చూస్తాను. లోపల ఏమీ ఉండదు. అయినా చూస్తాను.

మా అక్క వాళ్ళింట్లో ఒక కుక్క ఉండేది. ఊరకుక్కే, బొగ్గులాంటి నలుపు. మా వైపు నల్లదాన్ని కర్రి అంటాం, దాని పేరూ అదే. ఆ పేరు పెట్టింది నా మేనకోడలు. ఆ పిల్లని ఇక్కడ హారిక అంటాను. అప్పటికి తొమ్మిదేళ్ళు. నత్తి. బళ్ళో వెక్కిరిస్తారని ఎవరితోనూ మాట్లాడేది కాదు. కర్రితో మాత్రం మాట్లాడేది. గంటలకొద్దీ. బావ డ్యూటీ నుంచి వచ్చి, గేటు చప్పుడు కాకుండా తీసి, బయటే నిలబడి వినేవాడు. కూతురు గొంతు వినడానికి ఆయనకు అదొక్కటే దారి.

నేను ఏసీ మెకానిక్‌ని. గోపాలపట్నంలో అక్క వాళ్ళ వీధికి దగ్గర్లోనే నా గది. ఆ మే నెలలో వాళ్ళు శ్రీకాకుళం వైపు పెళ్ళికి వెళ్తూ కర్రిని రెండు రోజులు నా దగ్గర ఉంచారు. ఒంటరిగా వదలొద్దని హారిక మరీ మరీ చెప్పింది. వదలనన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ మాట నిలబెట్టుకున్నాననే చాలాకాలం అనుకున్నాను. ఒంటరిగా వదలకూడదనే కదా వెంట తీసుకెళ్ళాను?

రెండో రోజు కంచరపాలెంలో ఒక ఇంట్లో ఏసీ బిగించాలి. కర్రిని వ్యాన్‌లో ఎక్కించుకున్నాను. అప్పటికి పదకొండు దాటింది. ఆ ఇంటివాళ్ళకి కుక్కలు గిట్టవు. వ్యాన్‌ని ఒక గోడ నీడలో పెట్టి, అద్దం రెండు వేళ్ళ సందు దించి, పైకి వెళ్ళాను. మధ్యలో ఒకసారి దిగి చూశాను. తోక ఊపింది. పరవాలేదనుకుని మళ్ళీ పైకెక్కాను. పని అయ్యాక గది చల్లబడుతుందో లేదో చూద్దామని కూర్చున్నాను. ఆ ఇంటావిడ మజ్జిగ ఇచ్చింది. చొక్కా అంతా చెమట. మీద చల్లగాలి. గోడకి ఆనుకుని కళ్ళు మూశాను.

నిద్రపోయాను. అంతే. తాగి కాదు, జబ్బు చేసి కాదు. చల్లగా, హాయిగా నిద్రపోయాను.

ఆవిడ లేపేసరికి రెండున్నర.

నీడ ఎప్పుడో జరిగిపోయింది. వ్యాన్ నడి ఎండలో ఉంది. తలుపు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అద్దం నిండా సొంగ మరకలు. సీటు కవరు గోళ్ళతో చీల్చేసి ఉంది. కర్రి సీటు దిగి, పనిముట్ల సంచి మీద పడుకుని ఉంది. నోట్లోంచి నురగ, నాలుక ముదురు ఎరుపు.

తలుపు తీసేసరికే ప్రాణం పోయిందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చాలా ఏళ్ళు నమ్మాను కూడా. కానీ పోలేదు. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. కళ్ళు మెల్లగా నావైపు తిప్పింది.

పశువుల ఆసుపత్రి అక్కడికి పది నిమిషాలు. వ్యాన్ తీశాను. అప్పుడే దాని మెడ పట్టీ కనిపించింది. పట్టీకి చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద హారిక రాసిన బావ ఫోన్ నంబరు. డాక్టరు ఆ నంబరుకి ఫోన్ చేస్తాడు. పెళ్ళి పందిట్లో బావ ఫోన్ ఎత్తుతాడు. పక్కనే ఆ పిల్ల ఉంటుంది. ఎలా జరిగిందంటే ఏం చెప్పను? అది ఎండలో ఉడికిపోతుంటే నేను ఏసీ కింద నిద్రపోయానని చెప్పనా? ఆ నిమిషంలో నేను దేనికి భయపడ్డాను? కర్రి చచ్చిపోతుందనా, బతికితే నా సంగతి బయటపడుతుందనా? ఆసుపత్రి మలుపు వచ్చింది. చేతులు స్టీరింగ్ తిప్పలేదు. సింహాచలం వెళ్ళే దారిలో, కొండవైపు, తుప్పల పక్కన ఆపాను.

సీసాలో ఉన్న నీళ్ళు నోట్లో పోశాను. మింగలేదు. పక్కన కూర్చున్నాను. పోయింది.

రోడ్డు పనికి తవ్వి వదిలేసిన గుంట ఒకటి ఉంటే అందులో పెట్టి మట్టీ రాళ్ళూ కప్పాను. పట్టీ విప్పి పక్కన పారే గెడ్డలో విసిరేశాను.

వాళ్ళు తిరిగొచ్చాక, ఏదో ఊరేగింపులో బాణసంచా పేలితే బెదిరి తాడు తెంపుకుని పారిపోయిందని చెప్పాను. హారిక గేటు దగ్గరికెళ్ళి నిలబడింది. బావ నా భుజం మీద చెయ్యేశాడు.

"బాదపడకు బామ్మర్దీ. తెంపుకెలిపోతే నువ్వేటి సేత్తావు? ఎతుకుదాం, దొరుకుద్ది."

ఆయన నన్ను ఓదార్చాడు. నేను ఓదార్చనిచ్చాను.

వాళ్ళు వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం అక్క కునుకు తీసి లేచేసరికి పిల్ల లేదు. నీళ్ళ సీసా, కర్రి తాగే స్టీలు గిన్నె కూడా లేవు. వీధంతా పరుగులు పెట్టాం. నేనూ పరిగెత్తాను, అందరికంటే గట్టిగా పేరు పెట్టి అరిచాను. సాయంత్రం అవుతుండగా రైలు పట్టాల పక్కన స్పృహ లేకుండా పడి ఉంటే అక్కడ పనిచేసే మనిషి చూశాడు. వడదెబ్బ. ఒళ్ళు పెనంలా ఉంది. సీసాలో నీళ్ళు సగానికి పైగా అలాగే ఉన్నాయి. తను తాగలేదు.

రెండు రోజులు ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు. ఈ పిల్ల బతికితే అంతా చెప్పేస్తానని గోడ వైపు తిరిగి మొక్కుకున్నాను. బతికింది. కళ్ళు తెరిచినప్పుడు మంచం పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను.

"మా... మావయ్యా, కర్రి ఏ పక్కకెల్లిందో నువ్వు సూసేవా?"

చెప్పాల్సిన క్షణం అదే. మళ్ళీ అలాంటిది రాదని నాకు తెలుసు.

"సూసానమ్మా. స్టేషన్ వైపెల్లింది."

"మరి దానికి దా... దాహమేత్తే నీల్లెవులు ఇత్తారు?"

"ఎవులో ఒకలు ఇత్తారమ్మా. పడుకో."

తర్వాత ఆ పిల్ల కొన్ని నెలలపాటు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నేను స్టేషన్ అన్నాను కాబట్టి బావ ప్రతి ఆదివారం ఆమెను స్టేషన్ వైపు తీసుకెళ్ళేవాడు. నల్లకుక్క కనిపించిన చోటల్లా బండి ఆపేవాడు. ఒక వేసవి కాదు, మూడు వేసవులు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఇప్పుడు హారిక డిగ్రీ చదువుతోంది. ఎండాకాలం వస్తే వీధిలో కుక్కలకి తొట్లలో నీళ్ళు పెడుతుంది. ఈ మధ్య వాళ్ళింటికి వెళ్ళేసరికి ఎదురింటావిడకి నత్తితోనే, ఆగి ఆగి చెబుతోంది. కుక్కను డాబా మీద కట్టేయొద్దని, బండిలో క్షణం కూడా వదలొద్దని, నడిపించాలంటే తెల్లవారగానే నడిపించాలని. వడదెబ్బ తగిలితే మామూలు నీళ్ళతో పొట్టా కాళ్ళూ తడిపి, గాలి తగిలేలా చేసి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని. ఆ తర్వాత నన్ను చూసి నవ్వింది.

"టైముకి తీసుకెల్తే సానా వరకూ బతికేత్తాయి, మావయ్యా."

ఆ మాటకి ఇంక నిలబడలేకపోయాను. పోయిన ఆదివారం గేటు దగ్గరే చెప్పేశాను. వ్యాన్, నిద్ర, ఆసుపత్రి మలుపు, గుంట. హారిక కదలకుండా విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"తలుపు తీసేక ఎంతసేపు బతికుంది?"

"ఎంతోసేపు లేదమ్మా. అయిదు నిమిషాలు."

నా మొహంలోకి కాసేపు చూసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి బావ ఫోన్ ఎత్తడం లేదు. ఇంటికి రావద్దని అక్క కబురు పంపింది. వాళ్ళని తప్పు పట్టే హక్కు నాకు లేదు. క్షమించమని అడగను కూడా.

కానీ మీకు రాయాల్సింది ఇంకా ఉంది. నిజానికి ఇది మొదలుపెట్టిందే దానికోసం. అయిదు నిమిషాలు కాదు. నలభై నిమిషాలు. వ్యాన్‌లో గడియారం నా ఎదురుగానే ఉంది, చూస్తూ కూర్చున్నాను. కొండ దగ్గర ఆగాక కూడా వెనక్కి తిప్పితే ఆసుపత్రి పావుగంటే. రెండుసార్లు తాళం తిప్పి, రెండుసార్లూ ఆపేశాను. త్వరగా పోతే బాగుండునని కోరుకున్నాను. అవును, కోరుకున్నాను.

ఇది హారికకి చెప్పాలి. చెప్పే ధైర్యం ఉందో లేదో తెలియదు.

పై మాటలు రాసి పెన్ను పక్కన పెట్టాక చాలాసేపు ఏడ్చాను. పదకొండేళ్ళలో ఏడుపు రావడం ఇదే మొదటిసారి.