బుస్సుమనడం మానేసిన బాయిలరు

1968. దసరా వెళ్ళి మిల్లులు మళ్ళీ మొదలైన రోజులు. నేను విజయనగరంలో ఉంటూ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో బాయిలరు ఫిట్టరుగా తిరిగేవాణ్ణి. ఎప్పుడూ లేనిది ఇంజను దగ్గర ఆవిరి కారుతోందని రాజాం దగ్గర ఒక మిల్లు నుంచి కబురొచ్చింది.

లైను కరెంటు మీద ఎవరికీ నమ్మకం లేని కాలం. ధాన్యం ఆడగా వచ్చిన ఊకనే పొయ్యిలో వేసి, బాయిలరులో ఆవిరి పుట్టించి, దాంతో స్టీమ్ ఇంజను తిప్పేవారు. ఆ ఇంజనే మిల్లును ఆడించేది, డైనమోను తిప్పి మిల్లుకీ షావుకారు ఇంటికీ వెలుగిచ్చేది. ఊక ఊరికే వస్తుంది, కానీ గాలి తగిలితే భగ్గుమంటుంది. దాని దగ్గర కూర్చున్నవాడికి నాలుగు కళ్ళుండాలి.

పొయ్యి చూసే ఫైర్‌మన్ సింహాచలం కళ్ళు మంచివే. అయితే ఆవిరి ఒత్తిడి చూపించే ప్రెషర్ గేజి అద్దం నిండా ఆయుధపూజ పసుపు పులిమి ఉంది.

"తుడవలేదేంరా?" అన్నాను.

"అమ్మగారు పెట్టిన బొట్టు బాబూ. సెరిపితే ఊరుకుంతారేటి?"

అమ్మగారంటే షావుకారు తల్లి పైడమ్మగారు. కొడుకు ఊళ్ళో లేనప్పుడు మిల్లు ఆవిడదే. నేను తువ్వాలుతో అద్దం తుడిచాను. ముల్లు ఎర్రగీత దాటిపోయింది. ఇంకా పైకే జరుగుతోంది.

ఎర్రగీత దగ్గరే సేఫ్టీ వాల్వు తెరుచుకోవాలి. అది బాయిలరు నెత్తిన ఉండే మూత. పైన ఒక ఇనుప కడ్డీ, కడ్డీ చివర వేలాడే గుండు దాన్ని అదిమి పట్టుకుంటాయి. ఒత్తిడి మించితే మూత లేచి, ఆవిరి బుస్సుమని బయటికి పోతుంది. తలెత్తి చూశాను. గుండు పక్కనే, అదే కడ్డీకి కట్టిన ఉట్టిలో ఇంత లావు బూడిద గుమ్మడికాయ!

"ఎవరు కట్టారిది?"

"నానే బాబూ," అన్నారు గుమ్మంలోంచి పైడమ్మగారు. "రోజూ బుస్సుమంతాది, ఆడోళ్ళు దడుసుకుంతన్నారని దిష్టికి కట్టించినాను. సూడు, కట్టినకాడి నుంచి మరి అరవనేదు." ఆవిడ మొహంలో ఎంత తృప్తో చెప్పలేను.

గోడకవతల ధాన్యం చెరిగే ఆడవాళ్ళు, చీర ఉయ్యాలల్లో చంటిపిల్లలు. బాయిలరు పేలితే ఆ గోడ నిలిచేది కాదు.

సింహాచలానికి అప్పుడు అర్థమైంది. కొడవలి తీసి నిచ్చెనెక్కబోయాడు. "కోసీత్తాను బాబూ!"

"ముట్టుకున్నావంటే చంపేస్తాను!" అని అరిచాను. అంత ఒత్తిడి మీద మూత ఒక్కసారిగా లేస్తే లోపలి నీళ్ళు పొంగి, ఆ ఊపుకే బాయిలరు చీలవచ్చు. "ఊక ఆపు. డ్యాంపరు మూసెయ్." డ్యాంపరంటే పొగగొట్టంలో గాలిని అడ్డుకునే పలక.

"ఇంజను ఆపీమంతారా?"

"వద్దు, దాన్ని తాగనీ." ఇంజను ఎంత ఆవిరి తాగితే మాకు అంత మేలు. డైనమో మీద భారం పెరిగితే ఇంకా తాగుతుందని, పట్టపగలు మిల్లులో లైట్లన్నీ వేయించాను.

పైడమ్మగారి వైపు తిరిగాను. "అమ్మా, ఆ కాయ బరువుకే మూత లేవట్లేదు, బాయిలరు పేలొచ్చు. పిల్లల్నీ ఆడవాళ్ళనీ రోడ్డు మీదికి తీసుకుపోండి. తిట్టేదేదైనా ఉంటే తర్వాత తిట్టండి." నా మొహం చూసి ఆవిడ గబగబా గోడవతలికి వెళ్ళారు. అందరినీ దాటించి మళ్ళీ వెనక్కొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పొమ్మన్నాను.

"కట్టింది నాను. నానెక్కడికెల్తాను?"

ముగ్గురం ముల్లునే చూస్తూ నిలబడ్డాం. నాకు ఇల్లు గుర్తొచ్చింది, పారిపోదామనీ అనిపించింది. ముల్లు ఆగింది. చాలాసేపు అక్కడే ఉండి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది.

అది గీతకు బాగా దిగువకు వచ్చాకే గుమ్మడికాయ దింపించాను. తర్వాత నిప్పు పెంచి, వాల్వు పని చేస్తోందో లేదో చూశాను. సరిగ్గా గీత దగ్గర మూత లేచి, మిల్లంతా దద్దరిల్లేలా బుస్సుమంది. పైడమ్మగారు చెవులు మూసుకోలేదు. కళ్ళనీళ్ళు కారుతుంటే, "అరవనీ నాయనా. కడుపునిండా అరవనీ," అన్నారు.

ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ చప్పుడు దేనికో మాలో ఒక్కరమైనా ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత ఏ మిల్లుకు వెళ్ళినా గేజి చూడకముందే అక్కడ పనిచేసే ఆడవాళ్ళను ఒకటి అడిగేవాణ్ణి. కొత్తగా ఏం మోగుతోందని కాదు, ఈ మధ్య ఏం మోగడం మానేసిందని.