ఏసీ గది తలుపు

రాజమండ్రిలో మాకు కంప్యూటర్ నేర్పిన సార్ ఏ ఫైలునూ పేరు చూసి తెరిచేవారు కాదు. ముందు 'ఫైల్' అనే కమాండ్ కొట్టేవారు. పేరు ఏదున్నా, లోపలున్నది బొమ్మో పాటో అది చెప్పేస్తుంది. "పేరుదేముందండీ, ఎవరైనా పెడతారు," అనేవారు.

ఒక మధ్యాహ్నం, గోదావరిలో పడవ మునిగి భర్తను పోగొట్టుకున్న ఒకావిడ సీడీ తెచ్చింది.

"మా ఆయన ఫోటో ఉందండి ఇందులో. దండెయ్యడానికి పెద్దది చేసివ్వండి."

ఫోటో తెరుచుకోలేదు. సార్ కమాండ్ కొట్టారు.

"ఇది ఫోటో కాదమ్మా, ఆడియో అంటోంది. వినిపించమంటారా?"

ఆవిడ తలూపింది. స్పీకర్లలోంచి నీళ్ల చప్పుడు వచ్చింది. తర్వాత మగ గొంతు: "పట్టిసీమ రేవులో ఉన్నానే. వచ్చేస్తున్నా, తలుపేసుకోకు."

ఏసీ కోసం ఎప్పుడూ మూసే ఉంచే తలుపును సార్ లేచి వెళ్లి బార్లా తెరిచారు. ఆవిడ వెళ్లిపోయాక కూడా మమ్మల్ని మూయనివ్వలేదు.