ఒక్కపొద్దు రోజు ఊదలు వండడం నేర్చుకున్నాను

ఆ శనివారం ఉదయం నా భార్య సుగుణ ఇంటికి తాళం వేయలేకపోయింది. తాళంచెవి చేతిలోనే ఉంది. తాళం ఎదురుగానే ఉంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా చెవి కన్నంలోకి పోవడం లేదు. ఉప్పల్ వెళ్లి కూరగాయలు కొనుక్కుని, వచ్చేదారిలో గుడికి పోదామని బయల్దేరాం. నేను గేటు దగ్గర బండి స్టార్ట్ చేసి చూస్తున్నాను.

"ఏందే, ఇంకా కాలేదా?" అన్నాను.

తిరిగి నా వైపు చూసింది. "బస్సు పోయిందా?" అంది.

మేము ఎక్కాల్సిన బస్సు ఏదీ లేదు. ముందు రోజు మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఆ కోపంతోనే అడ్డదిడ్డంగా మాట్లాడుతోందనుకుని ఒక నిమిషం బండి మీదే కూర్చున్నాను. ఆ ఒక్క నిమిషం గురించి ఇప్పటికీ బాధపడుతుంటాను. దిగి దగ్గరికి వెళ్లేసరికి ఆ చలికాలం పొద్దున ఆమె ముఖమంతా చెమట. జాకెట్టు వెనకంతా తడిసిపోయింది. పట్టుకుందామని చేయి చాచేలోపే మెట్ల మీంచి పక్కకు ఒరిగి పడిపోయింది. ఒళ్లంతా కుడిచేయి మీద పడింది.

మాది జనగామ వైపు పల్లె. నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేస్తాను. సుగుణ నా మేనత్త కూతురు. పెళ్లై ఇరవై ఎనిమిదేళ్లయినా నన్ను బావా అనే పిలుస్తుంది. స్కూలు యూనిఫాంలు కుట్టే యూనిట్‌లో పని చేసేది. అప్పటికి ఆరేళ్లుగా ఆమెకు షుగర్. పొద్దున టిఫిన్‌కు ముందు ఒక గోలి, రాత్రి ఒక గోలి. శనివారం మాత్రం ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినకుండా, సాయంత్రం దీపం పెట్టాక ఒక్కపూట తినేది. మా అమ్మాయి మానసకు నాలుగేళ్లప్పుడు జ్వరం ముదిరి, పిల్ల దక్కదేమో అనుకున్నాం. అప్పుడు వెంకన్నకు మొక్కుకున్న మొక్కు అది. మానస ఇప్పుడు ఘట్‌కేసర్‌లో కాపురం చేసుకుంటోంది. మొక్కు మాత్రం ఆగలేదు.

షుగర్ వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఒక్కపొద్దు మీద మాకు గొడవే. "దేవుడు నిన్ను పస్తులుండమన్నడా?" అని నేను. "మొక్కిన నోరు నాది, మధ్యల నీకేంది?" అని ఆమె. ఒకసారి కోపంలో నేను పళ్లెం విసిరేశాను కూడా. ఆ తర్వాత కొన్ని నెలలుగా శనివారం పొద్దున "తిన్నవా?" అని అడిగితే "తిన్న" అని చెప్పేది. నా మాట విన్నదని సంతోషపడ్డాను.

పక్కింటివాళ్ల సాయంతో ఆటోలో ఎక్కించి దగ్గర్లోని దవాఖానాకు తీసుకెళ్లాం. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్ వేలికి సూది గుచ్చి మీటర్ చూశాడు.

"జీఆర్‌బీఎస్ నలభై ఒకటి. షుగర్ బాగా పడిపోయింది. పొద్దున షుగర్ టాబ్లెట్ వేసుకున్నారా? ఏమైనా తిన్నారా?"

"గోలి ఏసుకుంది సార్. రెండు ఇడ్లీలు తిన్న అని చెప్పింది" అన్నాను.

డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్ ఎక్కించారు. కాసేపటికి కళ్లు తెరిచింది. డాక్టర్ వంగి, "అమ్మా, పొద్దున ఏం తిన్నారు?" అని అడిగాడు. సుగుణ ముందు నా వైపు చూసింది. తర్వాత డాక్టర్ వైపు తిరిగి, "తినలే సారు" అంది.

లేచి కూర్చుంది, మాట్లాడుతోంది కదా, ఇంటికి పోదాం అనుకున్నాను. డాక్టర్ ఒప్పుకోలేదు. "గ్లిమెపిరైడ్ వేసుకుని ఖాళీ కడుపుతో ఉన్నారు. ఆ గోలి ఇంకా లోపల పని చేస్తూనే ఉంటుంది. ఇప్పుడు పెరిగినా మళ్లీ పడిపోవచ్చు" అన్నాడు. ఆయన అన్నట్టే మధ్యాహ్నం మళ్లీ యాభై ఎనిమిదికి పడిపోయింది. మళ్లీ గ్లూకోజ్, మళ్లీ గంట గంటకూ సూది. ఈలోగా ఎక్స్-రేలో కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగిందని తేలింది. డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్ అన్నారు. ఆరు వారాలు ప్లాస్టర్.

వార్డులో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "గిట్ల తిన్న అని ఎన్ని శనివారాలు చెప్పినవ్?"

"శానా."

"ఎందుకే?"

"నువ్వు లొల్లి జేస్తవని" అంది. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. తప్పు చేసింది ఆమె అనుకుంటూ అడిగినవాణ్ణి, తల వంచుకుని కూర్చున్నాను.

మరునాడు ఫిజీషియన్ మేడం వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చుంది. వారంలో ఏ రోజు ఉపవాసం, ఆ రోజు గోలి ఎన్ని గంటలకు, తిండి ఎన్ని గంటలకు అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఆరేళ్లలో మమ్మల్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేమూ ఎవరికీ చెప్పలేదు.

"ఇగ మానెయ్యమని జర గట్టిగ చెప్పున్రి మేడం" అన్నాను.

"నేను గట్టిగా చెప్తే మానేస్తారా, నా దగ్గర కూడా దాచేస్తారా?" అని నన్నే అడిగింది. తర్వాత సుగుణ వైపు తిరిగి, "మీరు దేవుడికి ఏమని మొక్కుకున్నారో నాకు చెప్పండి" అంది.

సుగుణ దిండుకు ఆనుకుని లేచి కూర్చుంది. "శనివారం అన్నం ముట్ట అని మొక్కిన మేడం. ఒక్కపూటే తినుడు, పొద్దుమూకిందాక ఉండుడు గివన్నీ అందరు జేస్తరని నేను వెట్టుకున్న."

"అయితే అన్నం ముట్టకండి. ఆకలితో మాత్రం ఉండకండి. మూడు పూటలా ఏదో ఒకటి తినాలి." అని గోలి మార్చింది. శనివారం ఏది వేసుకోవాలో, ఏది వద్దో వేరే కాగితం మీద రాసింది. "చెమట, వణుకు, మాట తడబడటం, ఏది వచ్చినా వెంటనే చక్కెర నీళ్లు తాగాలి. ఆ నిమిషానికి ఉపవాసం లేదనుకోండి" అని చెప్పి వెళ్లింది.

సాయంత్రం మానస వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది. "నా కోసమే గదమ్మా మొక్కినవ్. నేను మంచిగనే ఉన్న. నువ్వు గూడ ఉండాలె గద" అంది. అప్పుడు సుగుణ ఏడ్చింది.

కుడిచేతికి ప్లాస్టర్. వంట నా మీద పడింది. మామూలు రోజుల్లో పప్పు, చారు ఎలాగో నెట్టుకొచ్చాను. శనివారం వచ్చేసరికే భయం. చిరుధాన్యాలు తినొచ్చని మేడం చెప్పింది కాబట్టి ఉప్పల్‌లో ఒక దుకాణంలో ఊదలు అడిగి తెచ్చాను. చూస్తే బొంబాయి రవ్వలా తెల్లగా, సన్నగా ఉన్నాయి. బియ్యం లాగే కుక్కర్‌లో పెట్టి నాలుగు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే లోపల పోస్టర్లు అతికించే మైదా లై లాగా ఉంది. రుచి కోసం ఉల్లిగడ్డలు వేసి తాలింపు పెట్టి, గొప్పగా తీసుకెళ్లి ముందు పెట్టాను.

ఒక్క చెంచా ఎత్తి చూసి కింద పెట్టేసింది. "ఉల్లిగడ్డ ఏసినవా బావా?"

ఒక్కపొద్దు రోజు ఆమె ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. ఇరవై ఏళ్లకు పైగా ఆమె పక్కన కూర్చుని తిన్నవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదు. ఆ పూట పెరుగు, ఒక జామకాయ తిని సరిపెట్టుకుంది.

మా పక్క పోర్షన్‌లో సునందక్క ఉంటుంది. రైల్వే కుటుంబం, పుట్టిల్లు నాందేడ్. వాళ్ల ఇళ్లలో ఉపవాసానికి ఊదలే వండుతారట. ఆదివారం గిన్నె పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను.

"తమ్మీ, నువ్వు కుక్కర్ల పెట్టినవా?" అని నవ్వింది. "అది శానా నాజూకు. ముందు రెండు మూడు సార్లు కడుగు. అడుగుకు సన్నరాయి దిగుతది, గాలించాలె. అర్ధగంట నానవెట్టు. పొయ్యి మీద చెంచా నెయ్యి, జీలకర్ర, పచ్చిమిర్చి. ఊదలు నీళ్లు వంపి అండ్ల జర ఏయించు. గ్లాసుకు రెండున్నర గ్లాసుల మసిలే నీళ్లు. మంట తగ్గించి మూత వెట్టు. అంతే."

"ఉప్పు?"

"సైంధవం. ఇంట్ల రోజు వాడే ఉప్పు వద్దు. దించినంక ఏయించిన పల్లీల పొడి. పెరుగుతోని తినాలె."

వాళ్లు ఆలుగడ్డ కూడా వేస్తారు. షుగర్ కదా అని అది తీసేసి, ఆనిగెపుకాయ, అదే సొరకాయ, సన్నగా తరిగి ఎక్కువగా వేయమని దవాఖానాలో డైటీషియన్ చెప్పింది. ఊదలు మాత్రం చిన్న గిన్నెతో కొలిచి వేయమంది. లేత్ మీద పనిచేసేవాడికి కొలత చెప్తే చాలు. తర్వాతి శనివారం పొద్దున్నే లేచి వండాను. మూత తీస్తే గింజ గింజకు అంటకుండా పువ్వులా విచ్చుకుని ఉంది. సుగుణ ఎడమచేత్తో చెంచా పట్టుకుని, దేవుడి పటం వైపు ఒకసారి చూసి తినడం మొదలుపెట్టింది. మొక్కు మొదలయ్యాక, శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆమె కడుపునిండా తింటుంటే చూడడం అదే మొదటిసారి. "ఉప్పు జర తక్కువైంది" అంది. గిన్నె మాత్రం ఖాళీ చేసింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆపలేదు.

ప్లాస్టర్ తీసేశాక కూడా వంట నేనే చూసుకున్నాను. వారంలో నాలుగు రోజులు చిరుధాన్యాలు. ఇంట్లో మీటర్‌లో పొద్దున షుగర్ నూట పది, నూట ఇరవై వచ్చేది. నాకు గర్వం పెరిగింది. ఫోన్‌లో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఇవి తింటే గోలీలే అక్కర్లేదని ఒకాయన, మూడు నెలల్లో షుగర్ మాయమని ఇంకొకాయన. గోలీలు అందించేది నేనే. ముందు రాత్రి గోలి ఆపాను, తర్వాత పొద్దుటిదీ ఆపాను. సుగుణ అడిగితే, "మేడంకు ఫోన్ జేసిన, ఆపమన్నది" అని చెప్పాను. నేను ఎవరికీ ఫోన్ చేయలేదు.

నాలుగు వారాలు గడిచాయి. దప్పిక అంటూ మాటిమాటికీ నీళ్లు తాగేది. మీటర్ స్ట్రిప్స్ అయిపోతే, అంతా బాగానే ఉందిలే అని నేను కొత్తవి తేలేదు. కొత్త చెప్పు ఒరిసి కాలి బొటనవేలి పక్కన బొబ్బ లేచింది. అది పగిలి పుండైంది, ఎన్ని రోజులైనా మానలేదు. వేలు వాచి ఎర్రబడ్డాక మళ్లీ ఆ మేడం దగ్గరికే వెళ్లాం. షుగర్ మూడు వందల పన్నెండు.

మేడం కాగితాలు తిరగేసి ఇప్పుడు ఏ గోలీలు వేసుకుంటున్నారని అడిగితే, ఏవీ లేవంది సుగుణ. "టాబ్లెట్లు ఎవరు ఆపమన్నారు?"

"మీరే గద మేడం..." అంటూ సుగుణ ఆగిపోయింది. నా ముఖం చూసింది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. తల దించుకుని, "కాదు మేడం, నేనే యాది మరిచిన" అంది.

నన్ను కాపాడుతోంది. నేను ఇంకా అక్కడ కూర్చుని ఊరుకోలేకపోయాను. "లేదు మేడం. నేనే ఆపిన. మీరు చెప్పిన్రని అబద్ధం గూడ జెప్పిన" అన్నాను.

మేడం నన్ను తిట్టలేదు. తిడితే కొంత తేలికయ్యేదేమో. "ఊదలు మంచివే. కానీ అందులోనూ పిండిపదార్థం ఉంటుంది. తిండి తన పని తాను చేస్తుంది, మందు తన పని తాను చేస్తుంది. ఒకదాని పని ఇంకోదానికి అప్పజెప్పకండి" అంది. పుండుకు డ్రెస్సింగ్, యాంటీబయాటిక్స్, అది మానేదాకా ఇన్సులిన్ అని రాసింది. ఇంకో వారం ఆలస్యమైతే వేలు పోయేదని నర్స్ మెల్లగా నాతో చెప్పింది.

తిరుగుదారిలో సుగుణ బండి వెనక కూర్చుంది. ఉప్పల్ వైపు తిరిగాక అంది. "నేనొకటి దాసిన. నువ్వొకటి దాసినవ్. ఇగ సాలు బావా."

ఆ రోజు నుంచి ఇన్సులిన్ సూది వేయడం కూడా నేర్చుకున్నాను. పుండు పూర్తిగా మానడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత ఇన్సులిన్ తీసేసి మళ్లీ గోలీలకు మార్చారు.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. సుగుణ మళ్లీ మిషన్ కుడుతోంది, ఇంట్లోనే, తక్కువగా. చలికాలంలో మణికట్టు పట్టేస్తుంది, తడిబట్ట పిండలేదు. షుగర్ ఒక్కోసారి అదుపులో ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. పెళ్లిళ్ల కాలంలో అసలు ఉండదు. శనివారం నాకు మధ్యాహ్నం షిఫ్టు అయితే పొద్దున నేనే వండుతాను, లేకపోతే ఆమే వండుకుంటుంది. నాకంటే ఆమె చేసిందే బాగుంటుంది, అల్లం కొంచెం దంచి వేస్తుంది. తొలి ఏకాదశి, శివరాత్రి లాంటి పెద్ద ఉపవాసాలు వస్తున్నాయంటే వారం ముందే మేడం దగ్గరికి వెళ్లి గోలీల సంగతి రాయించుకుంటాం. పోయిన శివరాత్రికి ఉపవాసం వద్దంది మేడం. సుగుణ కాసేపు చిన్నబుచ్చుకుంది, తర్వాత సరేనంది.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉపవాసం ఉంటుంటే, ఆ రోజు ఏ గోలి వేసుకోవాలో, ఏది ఆపాలో డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. మీరే ఆపకండి, మీరే కలపకండి. ఆ మాట డాక్టర్ దాకా పోవాలంటే ముందు ఇంట్లో బయటికి రావాలి. అందుకే, "తిన్నవా?" అని అడిగేటప్పుడు, "తినలే" అని భయపడకుండా చెప్పగలిగేలా అడగండి.