అంజన్న షెడ్డులో అనుమానపు ఇంజన్

అలియాబాద్ దర్వాజా దాటాక ఎడమచేతి సందులో ఉన్న రేకుల షెడ్డుకు యజమానీ మేస్త్రీ కాపలాదారూ అన్నీ అంజన్నే. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడంటే లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేసేవాడు. ఏ బంకులో పెట్రోలు పోయించారో, ఆ బంకువాడు పొద్దున పెళ్లాంతో ఎందుకు కొట్లాడి వచ్చాడో కూడా చెప్పేవాడని పాతబస్తీలో ప్రతీతి. ఇందులో సగం అబద్ధమని ఎవరైనా అంటే, ఏ సగమో వాళ్లనే తేల్చమనండి.

అయితే ఆ చెవికి ఒక జబ్బు ఉండేది. మనిషి మాటలోనూ గరగరను వెతికేది. ఎవరైనా దారిలో నమస్తే పెడితే, ఎందుకు పెట్టాడా అని అంజన్న సాయంత్రం దాకా ఆలోచించేవాడు. పుట్టుకతో వచ్చిన గుణం కాదది. డెబ్బై ఒకటిలో ముక్కూమొహం తెలియనివాడెవడో తెచ్చిన ఇంజన్‌ను ఒక టాక్సీకి బిగించాడు. అది దొంగసొత్తని తేలింది. మూడు రోజులు పోలీసు చౌకీలో కూర్చోబెట్టి, ఇతని తప్పేమీ లేదని వదిలేశారు. వదిలింది పోలీసులే, జనం కాదు. ‘చోర్ మిస్త్రీ’, దొంగ మేస్త్రీ అన్న పేరు అతని కన్నా ముందే ఇంటికి చేరింది. ఏడాదిపాటు ఆ సందులో ఒక్క బండి ఆగలేదు. ఆ మరక కడుక్కోవడానికి ఐదేళ్లు పట్టింది. ఇంకోసారి ఆ మాట పడితే రెంచీలూ పానాలూ మూసీలో పారేసి, జల్‌పల్లిలో బామ్మర్ది బర్రెలు కాయాల్సిందే.

అటువంటివాడి షెడ్డు ముందుకు డెబ్బై ఏడు ఎండాకాలంలో ఒక దున్నపోతుల బండి వచ్చి ఆగింది. దాని వెనక తాడుతో కట్టి ఉంది ఎర్ర ఎంజీ కారు. రెండే సీట్లు, పైన టాపు లేదు, పొడుగాటి మూతి. దాని స్టీరింగు పట్టుకుని పెద్ద నవాబులా కూర్చున్నవాడు సైదాబాద్ వైకుంఠం. ఇరవై ఏళ్లు ఒక దొర దేవిడీలో డ్రైవరీ చేశాడు. దేవిడీ అమ్ముడుపోయిన రోజున దొర ఆ కారును అతనికి ఇనాముగా ఇచ్చాడు. అప్పటికే దాని ఇంజన్ నిలువునా పగిలింది, సామాన్లు విలాయత్ నుంచి రావాలి.

“అంబాసిడర్ ఇంజన్ పెట్టియ్యే అన్నా. లగ్గాలల్ల పెండ్లికొడుకులను గీ కార్ల తిప్పుకుంట బతుకుత. గీ వయసుల నన్నెవలు నౌకరీకి పెట్టుకుంటరు?” అన్నాడు వైకుంఠం.

మర్నాడు పాత ఇనుప సామాన్ల కబాడీలో చవగ్గా కొన్న ఇంజన్‌ను తోపుడు ఠేలా మీద తెచ్చాడు. అంజన్న దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు, గుడిలో అయినా అన్ని ప్రదక్షిణలు చేసి ఎరగడు. రంగు కొత్తది, వాసన ఇంకా పోలేదు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, నంబరు మీద సుద్దముక్క రుద్దాడు. అంకెలు తెల్లగా తేలాయి. పాత నంబరు చెరిపి కొత్తది కొట్టినట్టు చుట్టూ ఆకురాయితో గీకిన జాడలున్నాయి. అంకెల్లో ఒక ఏడు తాగినవాడిలా పక్కకు వాలి ఉంది.

“గింత సస్తగ ఎట్లిచ్చిండు కబాడీ ఆయన?”

“మంచోడన్నా.”

“కబాడీల మంచోడా? కాగితాలేవి?”

“ఇంట్ల ఉన్నయి.”

“తేపో.”

“బిగించినంక తెస్త, ఫికర్ చేయకు” అని వైకుంఠం చూపు మరల్చుకుని బీడీ కోసం జేబు తడుముకున్నాడు. అగ్గిపెట్టె చేతిలోనే ఉన్నా ఇంకా తడుముతూనే ఉన్నాడు.

అంజన్న అతన్ని పొమ్మనాల్సింది. కానీ విలాయతీ కారుకు దేశీ ఇంజన్ పెట్టడమంటే ఆ వీధిలో ఎవడూ చేయని పని. మనసు వద్దంటుంటే చేతులు దురద పెట్టాయి. మధ్యేమార్గంగా చైన్‌తో ఇంజన్‌ను దూలానికి వేలాడదీసి, కింద కారు పెట్టి కొలతలు మొదలుపెట్టాడు. మనసు ఒప్పుకునేదాకా ఒక్క బోల్టూ బిగించనని ఒట్టు. ఇంజన్ ఆనే కాళ్లకు ఇనుప కోణాలు కోశాడు. గేరుబాక్సుకు దళసరి రేకు పలక తయారుచేశాడు. వెనక చక్రాలకు పోయే షాఫ్టును లేత్ మీద నాలుగు వేళ్లు కురచ చేయించాడు. అంతా కుదిరింది, బానెట్టు మూత తప్ప. ఇంజన్ ఎత్తెక్కువై అది పడలేదు.

ఆ మధ్యాహ్నం భార్య కళావతి సుడిగాలిలా వచ్చింది.

“నా అల్మినం గంజేది? అన్నం వండే పెద్దది!”

“నాకేం తెలుసు?”

“తెల్వదా? మరి గా కారు నెత్తిమీద బోర్లేసింది ఏంది? నన్ను దొంగను చూసినట్టు చూస్తవు గని, ఇంట్ల దొంగవు నువ్వే!”

బానెట్టుకు చిల్లు కొట్టి, దాని మీద గంజు అడుగును కోసి అతికించాడు అంజన్న. ఎర్ర రంగు వేసేసరికి అది లండన్‌లోనే పుట్టినట్టు ఒదిగిపోయింది.

అయినా ఇంజన్ మాత్రం ఎనిమిది రోజులు గాల్లోనే వేలాడింది. ఆ వాలిన ఏడు అంకె అన్నం ముందూ కనబడేది. చివరికి అంజన్నకు ఒక ఉపాయం తట్టింది. ఇంజన్ పోగొట్టుకున్నవాడు దొరికితే నిజం తేలిపోతుంది కదా! సైకిలెక్కి చార్మినార్ దగ్గరి టాక్సీ అడ్డా నుంచి మొదలుపెట్టి ప్రతి అడ్డాలో ఆగాడు.

“భాయ్, ఎవరిదన్నా అంబాసిడర్ ఇంజన్ పోయిందా?”

“క్యోం మిస్త్రీ, మిల్ గయా క్యా? నీకు దొరికిందా?” అన్నాడు ఒక డ్రైవర్. అందరూ నవ్వారు. అంజన్న నవ్వలేదు, ఎందుకు నవ్వారా అని ఆలోచిస్తూ ఇంకో అడ్డాకు పోయాడు.

ఊరంతా తిరిగి ‘ఇంజన్ పోయిందా’ అని అడిగేవాడి దగ్గర ఏముంటుంది? దొంగ ఇంజన్ ఉంటుంది! ఈ చిన్న లెక్క అంజన్నకు తప్ప హైదరాబాద్‌లో అందరికీ తెలిసింది. చార్మినార్‌లో ఒక్క ఇంజన్‌గా బయల్దేరిన మాట సైదాబాద్ చేరేసరికి పది ఇంజన్లయింది. జల్‌పల్లికి పోయేసరికి అందులో ఒకటి రైలింజన్.

నాలుగో రోజు పొద్దున పోలీసు జమేదార్ రామలింగయ్య లాఠీ ఊపుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. వెనకాల సందు సందంతా వచ్చింది.

“ఏం మేస్త్రీ, పోగొట్టుకున్నోడు ఫిర్యాదు ఇయ్యకముందే దొరికినోడివి నువ్వు ఊరంత తిరుగుతున్నవట?”

అంజన్న ఇంజన్ వైపు చెయ్యి చూపాడు. “గందుకే తిరిగిన సాబ్. గా నంబరు జూడుండ్రి. కాగితాలు అడిగితే ఇస్తలేడు.”

వైకుంఠానికి కబురు పోయింది. గంట తర్వాత అతను వచ్చాడు. పక్కన భార్య నీలమ్మ జొన్నల డబ్బాను బిడ్డలా చంకన ఎత్తుకుని ఉంది. జమేదార్ జనాన్ని బయటికి తోలి తలుపు మూశాడు. నీలమ్మ జొన్నల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి ప్లాస్టిక్ సంచి తీసింది.

కాగితాలన్నీ ఉన్నాయి. కొన్న రసీదు ఉంది. పాత నంబరు చెడిపోతే అనుమతి తీసుకుని చేత్తో కొట్టించుకున్న పత్రమూ ఉంది. నంబరు ఎందుకు చెడిపోయిందో కూడా అందులోనే రాసి ఉంది. కర్నూలు రోడ్డు మీద లారీ గుద్దిన బండిలోది ఆ ఇంజన్. ముగ్గురు పోయారు. అందులో ఇద్దరు కొత్తగా పెళ్లైన జంట.



“చెప్తే ఏ పెండ్లికొడుకు ఎక్కుతడన్నా?” అన్నాడు వైకుంఠం. “నీకు చెప్పుదామనుకున్న. నువ్వు మందిని నమ్మవు, కాగితం చూపినా నిజమేనా అని ఊర్ల అడుగుతవు, సంగతి బయటపడుతది. గందుకే దాచిన.”

జమేదార్ కాగితం మడిచి ఇచ్చాడు. “నా వరకు సాఫ్. అయితే అంజన్నా, బయట వంద మంది ఉన్నరు. నేను ఉత్తగ ‘కాగితం సాఫ్’ అంటే నమ్మరు, నాకు నువ్వు చాయ్ తాపినవ్ అంటరు. అసలు సంగతి చదివి వినిపిస్తే నీ పేరు కడిగిన అద్దమైతది. చదువుమంటవా?”

అంజన్న వైకుంఠం కళ్లలోకి చూశాడు. ఇన్ని రోజులుగా వెతికిన దొంగతనం అక్కడ లేదు. నీలమ్మ డబ్బా మూత పెట్టబోతోంది. మూత సరిగ్గా పడక మళ్లీ మళ్లీ పెడుతోంది. తలుపు పగుళ్లలోంచి ఎవడో అరిచాడు, “క్యా హువా, చోరీకా హై నా? దొంగదే కదా?”

ఐదేళ్లు. ఒక్కొక్క బండినీ బతిమాలి ఆపుకున్న ఐదేళ్లు.

“వద్దు సాబ్” అన్నాడు అంజన్న. “గా ఉత్త మాటే చెప్పుండ్రి, కాగితం సాఫ్ అని.”

జమేదార్ బయటికి పోయి అదే చెప్పాడు. జనం చాయ్ తాపాడనే అనుకున్నారు. సాయంత్రానికి సందులో ఇద్దరు గిరాకీదార్లు తమ బండ్లు వెనక్కి తీసుకుపోయారు. అంజన్న అవేవీ చూడలేదు. ఇంజన్‌ను కిందికి దించి, ఒట్టు పెట్టుకున్న బోల్టులన్నీ ఒక్కొక్కటిగా బిగించాడు. మొదటిసారి తాళం తిప్పితే అది దగ్గి, రెండోసారికి గర్జించింది. గౌలిపురాలో ఇండ్ల మీద పావురాలన్నీ లేచి గోల్కొండ దాకా పోయి మర్నాడు గానీ తిరిగి రాలేదట.

మొదటి బారాత్ శాలిబండలో. పూలదండల మధ్య పెళ్లికొడుకు, స్టీరింగు ముందు తలపాగాతో వైకుంఠం. ఎర్ర కారు బ్యాండుమేళం వెనక పులిలా నడిచింది. అంజన్న ఎందుకైనా మంచిదని పాన్ డబ్బా పక్కన నిలబడి చూస్తున్నాడు, ఎవరైనా ఏమైనా అంటారేమోనని.

అననే అన్నాడు, పక్కనున్న పాలాయన. “చూసినవా భాయ్? గదే దొంగింజన్ కారు. గా అలియాబాద్ చోర్ మిస్త్రీ పెట్టిండట. అయినా ఏం ఉరుకుతున్నదిరా!”

అంజన్న అతన్ని కింది నుంచి మీదికి చూశాడు. చెప్పడానికి నోట్లో మాట ఉంది. దాన్ని పాన్‌తో పాటు నమిలేశాడు.

“అవు, నేనే పెట్టిన” అన్నాడు. “నీ బండికేమన్న రోగముంటే తోలుకరా. కాగితాలు మాత్రం ముందు చూపియ్యాలె.”