మూడు చింతగింజలు, ఒక వేప దూలం

మా ఓవర్సీరుగారు పోయారని మొన్న కర్నూలు నుంచి కార్డు వచ్చింది. ఆయన పెద్దకూతురు రాసింది. నాలుగే ముక్కలు. నిద్రలోనే పోయారట, బాధపడలేదట, చింతగింజల డబ్బీ నాకివ్వమన్నారట, మనిషి చేతికిచ్చి పంపుతుందట. అలాంటి కార్డు చదవగానే చింపేయాలని ఇంట్లో వాళ్ళు తొందరపెట్టారు. చూసుకుంటే నా చేతులు అప్పటికే దాని రెండు అంచులూ పైకి మడిచి కూర్చున్నాయి. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆ మడత ఆయన నేర్పిందే. కడపలో ఆయన కింద పనికి చేరిన మొదటి రోజు, రెండు ఇటుకల మీద ఒక కార్డు పరిచి, దానిమీద సిరాబుడ్డి పెట్టమన్నారు. పెట్టాను. కార్డు వంగి, బుడ్డి దొర్లి, నా కొత్త పంచె నీలమైంది. ఆయన చిరునవ్వైనా నవ్వకుండా ఇంకో కార్డు తీసి, అంచులు రెండూ పైకి మడిచి, మళ్ళీ పెట్టమన్నారు. ఈసారి బుడ్డి కదలకుండా నిలబడింది.

“కార్డు అదే, బుడ్డీ అదే. ఏం మారినాదప్పా?”

“ఆకారం సార్.”

“అంతే. ఇంగ పంచె ఉతుక్కోపో.”

దూలాల లెక్క అంతా అందులోనే ఉందనేవారు. దూలం మీద బరువు పడితే పైపక్క నలుగుతుంది, కిందిపక్క సాగుతుంది, నడిమధ్యన ఏ బాధా ఉండదు. అంచున ఉండే పీచుకే అసలు కష్టం. బరువు దూలాన్ని ఎంత వంచాలని చూస్తోందో, దూలాన్ని అడ్డంగా కోస్తే కనబడే ఆకారం ఎంత ఎదురు నిలుస్తుందో కనుక్కుని, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఆ అంచు పీచు మీద అంగుళానికి ఎంత పడుతోందో తేలుతుంది. అది కొయ్య ఓర్చుకునే దానికి లోబడి ఉంటే ఇంటివాళ్ళు నిద్రపోవచ్చు. పలక దూలాన్ని అడ్డంగా పడుకోబెట్టినవాళ్ళను చూస్తే ఆయన ఊరుకునేవారు కాదు. “నిలబెట్టప్పా దాన్ని! పండుకుంటే మనిషయినా దూలమయినా పని చేస్తాదా?” అనేవారు.

ఎవరింటికి వెళ్ళినా ముందు మిద్దె కప్పు చూసి, తర్వాత మనుషులను పలకరించేవారు. పెళ్ళిభోజనాల్లో విస్తరి ముందు కూర్చుని కూడా తల పైకెత్తి దూలాల మీద అడ్డంగా పరిచిన దంతెలు లెక్కపెట్టేవారు. “పెండ్లిచూపులకొచ్చి నన్ను చూడనేలేదు, మా నాయన మిద్దె చూసి సరే అన్న్యాడు” అని ఆయన భార్య మా అందరి ముందూ ఆటపట్టించేది. “దూలం శానా మంచిది” అని ఆయన ఒప్పుకునేవారు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

వేంపల్లె దగ్గర ఒక పల్లెలో క్రైస్తవ కూలి కుటుంబాలవాళ్ళు ప్రార్థన గుడి కట్టుకుంటున్నారు. గోడలు వాళ్ళే లేపారు. ఓవర్సీరుగారు ఆదివారాలు వెళ్ళి ఊరికే సాయం చేసేవారు. గది పదహారు అడుగుల వెడల్పు. నడుమ ఒక పెద్ద దూలం, దానిమీద దంతెలు, వాటిమీద కడప బండలు, ఆపైన చవుడు మట్టి. ఆ దూలానికి ఆ ఊరి అవ్వ ఒకామె తన వేపచెట్టు ఇచ్చింది. అది పెనిమిటి నాటిన చెట్టు. ఆయన పోయి చాలా కాలమైంది. “నేను కూసునే తావున మా వేప నా నెత్తిన ఉండల్ల, నాకు అంతకంటే ఏమొద్దు సామీ” అని ఒక్కటే కోరింది.

దూలం లెక్క నాకు అప్పగించారు. నాకది మొదటి మిద్దె. మొద్దు వెడల్పు కొలిచాను, పన్నెండు అంగుళాలు. నాకు కంఠతా వచ్చింది చదరపు దూలం లెక్క. పన్నెండును పన్నెండుతో రెండుసార్లు గుణించి ఆరుతో భాగించాను. దూలం ఎదురు నిలిచే బలం రెండువందల ఎనభై ఎనిమిదని తేలింది. కావలసింది నూట యాభై. పొంగిపోయి, గుడికి గుండ్రటి మొద్దు ఏం బాగుంటుంది, నాలుగు పక్కలా చదరంగా చెక్కెయ్యమని వడ్రంగికి చెప్పి వచ్చాను.

తర్వాతి ఆదివారం ఓవర్సీరుగారు వచ్చేసరికి దూలం ముచ్చటగా తయారై ఉంది. ఆయన కొలబద్ద పెట్టారు. పక్క ఎనిమిదిన్నర అంగుళాలు. నా కాగితం చూశారు, దూలం చూశారు, నా మొహం చూశారు. నన్ను పక్కకు తీసుకుపోయి మెల్లగా అన్నారు.

“పన్నెండు అంగుళాల చెట్టులోంచి పన్నెండు అంగుళాల చదరం తీసినావంటే, నువ్వు నాకంటే శానా గొప్పోడివప్పా.”

అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. మొద్దును గుండ్రంగానే వదిలి ఉంటే నూట డెబ్బై వచ్చేది, చాలేది. చెక్కించాక మిగిలింది నూట రెండు. అందం కోసం పదిలో నాలుగు పాళ్ళ బలం చెక్కి పారేయించాను. ఆ చెక్కలను అప్పటికే ఎవరో పొయ్యిలో పెట్టుకున్నారు కూడా. ఆ మిద్దె కింద ఆదివారం ఊరంతా కూర్చుంటుంది. దూలం మారుద్దామంటే అవ్వకు ఇంకో చెట్టు లేదు.

ఆయన నేలమీద పుల్లతో గీసుకుంటూ కాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి పెద్దలను పిలిచారు.

“నడుమ ఒక రాతి కంబం నిలబెట్టల్లప్పా. నేనే చెప్పేది మరిచిపోయినా.”

నడుమ ఆసరా వస్తే వంచే బలం నాలుగో వంతుకు దిగుతుంది. నూట యాభై అక్కర ఉన్నచోట నలభై లోపే చాలు. ఆ లెక్క పెద్దలకెందుకు? వాళ్ళు గొణిగారు. కంబం అడ్డమొస్తే ప్రసంగం చెప్పే ఉపదేశి మొహం కనబడదన్నారు. “మొగోళ్ళు ఆ పక్క, ఆడోళ్ళు ఈ పక్క కూసుంటారు గదా, నడుమ దోవలో ఉంటాది. ఓవర్సీరు మతిమరుపోడని తిట్టుకోండి, కంబం మాత్రం పెట్టండి” అన్నారు ఓవర్సీరుగారు. తిట్టుకున్నారు, పెట్టారు. తిరుగుదారిలో బండి దిగేదాకా ఆయన ఆ ఊసే ఎత్తలేదు. దిగేటప్పుడు మాత్రం అడిగారు.

“ఏటేటా వానలకు ముందు మిద్దె మీద చవుడు పోస్తారు గదా, ఆ బరువు నీ లెక్కలో యాడ?”

అదీ లేదు. మా సీమలో మిద్దె ఉన్నవాళ్ళు వాన కారకుండా ఏటా చవుడు పోస్తారు. పాతది గీకేవాళ్ళు తక్కువ. ఇరవై ఏళ్ళలో మిద్దె తనంత బరువును నెత్తికెత్తుకుంటుంది. పుస్తకంలో ఆ ముక్క ఉండదు. అప్పటినుంచి ఏటా చవుడు పోసే రోజుల్లో మేమిద్దరం ఆ ఊరికి వెళ్ళేవాళ్ళం. ఆయన రిటైరై కర్నూలు చేరాక కూడా మానలేదు. అవ్వకు బనగానపల్లె మామిడిపళ్ళు తెచ్చేవారు. ముందు పాత చవుడు గీకించేవారు. తర్వాత ముక్కుపొడి డబ్బీ తీసేవారు. అందులో పొడి ఉండదు, ఒకే మందం ఉన్న మూడు చింతగింజలు ఉంటాయి. గోడ దగ్గర ఒక గింజ, కంబం దగ్గర ఒక గింజ దూలానికి ఆనించి, వాటి కిందుగా దారం బిగించి, మూడో గింజను నడిమధ్యన దారానికీ దూలానికీ సందున దూర్చేవారు. గింజ దూరితే దూలం వంగలేదన్నమాట. రెండో సగంలోనూ అంతే. ఒక్క ఏడు కూడా గింజ ఆగలేదు. అయినా ప్రతి ఏడూ అది దూరేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. ఆయనకది తెలుసు. కావాలనే మెల్లగా తోసేవారు.

డబ్బీ నిన్న నాకు చేరింది. చవుడు రోజులే కనక ఇవాళ ఆ ఊరికి ఒక్కణ్ణే వెళ్ళాను. అవ్వ ఎప్పటిలాగే కంబానికి వీపు ఆనించి కూర్చుని ఉంది. ఇన్నేళ్ళ ఆనుడికి ఆ రాయి అక్కడ నున్నగా మెరుస్తోంది. సామి రాలేదేమని అడిగింది. చెప్పాను. తల పైకెత్తి దూలాన్ని చూసింది.

నిచ్చెన ఎక్కబోతూ ఆగాను. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

“అవ్వా, ఈ కంబం సామి మరిచిపోయింది కాదు. లెక్క తప్పింది నేను. నీ చెట్టును పాడు చేసింది నేనే.”

అవ్వ నన్ను ఎగాదిగా చూసి, బోసినోటితో నవ్వింది.

“మంచి తప్పే చేసినావులే నాయనా. అది లేకుంటే నేను ఈ నడుము యాడ ఆనిద్దును?”

ఎక్కి దారం బిగించాను. గింజను మెల్లగానే తోశాను, ఆయన తోసినట్టే. గింజ సందులోంచి హాయిగా దూరి, అవతల నా వేళ్ళకు చిక్కకుండా జారి, కింద అవ్వ ఒళ్ళో పడింది. అవ్వ దాన్ని తీసి, కళ్ళకద్దుకుని, కొంగున ముడేసుకుంది. నేను ఇమ్మని అడగలేదు. వచ్చే ఏటికి అంతే మందం ఉన్న గింజ ఇంకొకటి వెతుక్కోవాలి.